పచ్చసొనను పారవేయవలెనా?

మా కళాశాలకు సమీపమున ఒక విద్యార్థి వసతి గృహము కలదు. అచ్చట ఉదయపు ఫలహారముతో ఉడికించిన కోడిగ్రుడ్లు పెట్టుదురు. ఒకనాడు పనిమీద నేనచ్చటికి వెళ్ళినప్పుడు, చేతులు కడుగుకొను తొట్టె ప్రక్కనున్న బకెట్టులో పసుపుపచ్చని ఉండలు పదునైదో ఇరువదియో కనబడినవి. అవి ఉడికిన గ్రుడ్లలోని పచ్చసొనలు. వ్యాయామశాలకు పోవు విద్యార్థులు తెల్లసొనను మాత్రము తిని, పచ్చసొనను అందులో వేసినారు. కారణమడుగగా ఒక విద్యార్థి, "ప్రొటీనంతా తెల్లదానిలోనే ఉంటుంది సార్. పచ్చదానిలో ఉండేది కొలెస్టరాలు. అది గుండెకు మంచిది కాదు" అని సమాధానము చెప్పెను.

నాకు మా యిల్లు జ్ఞాపకము వచ్చినది. కొన్నేండ్ల క్రిందట మా నాయనగారికి గుండెనొప్పి వచ్చి ఆసుపత్రిలో ఉండవలసి వచ్చెను. ఇంటికి పంపునప్పుడు వైద్యులు "కొంతకాలము పచ్చసొన మానండి" అని చెప్పిరి. ఆ సలహా నాయనగారికి ఇచ్చినది. కాని ఆనాటినుండి మా అమ్మ ఇంటిల్లిపాదికీ పచ్చసొన మాన్పించినది. అప్పుడు గర్భవతిగా పుట్టింటికి వచ్చియున్న మా చెల్లెలికి కూడ తెల్లసొనయే పెట్టెడిది. "గుండెకు మంచిది కానిది కడుపులో బిడ్డకు మాత్రం మంచిదవుతుందా?" అని ఆమె వాదము. పచ్చసొనలు పెరటిలో కుక్కకు పోవుచుండెను. విజ్ఞానశాస్త్రము బోధించు నేను కూడ ఆ ఇంటిలోనే ఉండి, ఆ మాట సరియైనదా కాదా అని విచారింపలేదు.

ఒకరికి చెప్పిన పథ్యము అందరికీ నియమమగుట మన ఇండ్లలో తరచు జరుగు పని. వసతి గృహపు బకెట్టును చూచిన తరువాత ఈ విషయమును మొదటినుండి పరిశీలింపవలెనని నాకు తోచినది. తెల్లసొన మంచిదా, పూర్తి గ్రుడ్డు మంచిదా అను ప్రశ్నకు సమాధానము చెప్పవలెనన్న ముందుగా గ్రుడ్డులో ఏమున్నదో తెలిసికొనవలెను.

గ్రుడ్డులో ఏమున్నది?

కోడిగ్రుడ్డు మనకొరకు తయారైనది కాదు. ఒక కోడిపిల్ల పెరుగుటకు కావలసిన సామగ్రిని ప్రకృతి ఒక పెట్టెలో సర్ది ఉంచినది. ఆ పెట్టె గోడయే పెంకు. అది ప్రధానముగా కాల్షియం కార్బొనేటు. ప్రకృతిలో దొరకు సుద్దరాయి కూడ ఆ పదార్థమే. దాని లోపల తెల్లసొన, నడుమ పచ్చసొన ఉండును. వెడల్పుగా నున్న కొనవద్ద ఒక చిన్న గాలి గది ఉండును.

పెంకు తీసిన తరువాత 50 గ్రాములు తూగు గ్రుడ్డును తీసికొందము. అందులో తెల్లసొన సుమారు 33 గ్రాములు, పచ్చసొన సుమారు 17 గ్రాములు ఉండును. మన బజారులో దొరకు గ్రుడ్లు కొన్ని ఇంతకంటె చిన్నవి; వానికి ఈ అంకెలను ఆ నిష్పత్తిలో తగ్గించుకొనవలెను. రెండు సొనల లెక్క ఇట్లున్నది:

శక్తి: తెల్లసొనలో 17 కేలరీలు, పచ్చసొనలో 55 కేలరీలు.
మాంసకృత్తులు: తెల్లసొనలో 3.6 గ్రాములు, పచ్చసొనలో 2.7 గ్రాములు.
క్రొవ్వు: తెల్లసొనలో లేదనదగినంత స్వల్పము, పచ్చసొనలో 4.5 గ్రాములు.
కొలెస్టరాలు: తెల్లసొనలో లేదు, పచ్చసొనలో సుమారు 185 మిల్లీగ్రాములు.
భాస్వరము: తెల్లసొనలో 5 మిల్లీగ్రాములు, పచ్చసొనలో సుమారు 66 మిల్లీగ్రాములు.

మా విద్యార్థి చెప్పిన రెండు మాటలలో ఒకటి నిజము, ఒకటి కాదు. కొలెస్టరాలంతయు పచ్చసొనలోనే ఉన్నదనుట నిజము. కాని మాంసకృత్తులన్నియు తెల్లసొనలోనే ఉన్నవనుట సరికాదు. గ్రుడ్డులోని 6.3 గ్రాముల మాంసకృత్తులలో 2.7 గ్రాములు, అనగా నూటికి నలుబదికి పైగా, పచ్చసొనలోనే ఉన్నవి. అంతేకాదు, బరువుకు బరువు పోల్చి చూచినచో పచ్చసొనదే పైచేయి. నూరు గ్రాముల తెల్లసొనలో సుమారు 11 గ్రాముల మాంసకృత్తులుండగా నూరు గ్రాముల పచ్చసొనలో సుమారు 16 గ్రాములుండును. దీనికి కారణము నీరు. తెల్లసొనలో నూటికి 88 వంతులు నీరే. పచ్చసొనలో నీరు సగము మాత్రమే.

ఇక ఒక చిన్న గణితము చేయుదము. ఒకనికి ఉదయపు ఆహారములో 18 గ్రాముల మాంసకృత్తులు కావలెననుకొందము. దానికి అయిదు గ్రుడ్ల తెల్లసొన కావలెను. పూర్తి గ్రుడ్లయినచో మూడు చాలును. గ్రుడ్డు ఆరు రూపాయలనుకొన్నచో మొదటి పద్ధతికి ముప్పది రూపాయలు, రెండవదానికి పదునెనిమిది రూపాయలు. మొదటి పద్ధతిలో 85 కేలరీలు, రెండవదానిలో 216 కేలరీలు లభించును. బరువు తగ్గగోరు వానికి ఈ భేదము ఉపయోగింపవచ్చును. కాని బక్కపలుచని పదునెనిమిదేండ్ల బాలుడు అయిదు పచ్చసొనలు పారవేసినచో 275 కేలరీల శక్తిని, 13 గ్రాములకు పైగా మాంసకృత్తులను కూడ పారవేసినట్లే. తాను దేనికొరకు గ్రుడ్డు తినుచున్నాడో దానినే అతడు బకెట్టులో వేయుచున్నాడు.

కండలు పెంచుకొనువారికి మరియొక విషయము చెప్పవలెను. 2017లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమువారు బరువులెత్తు అభ్యాసము గల పదిమంది యువకులపై ఒక పరిశోధన ప్రకటించిరి. వ్యాయామము చేసిన పిమ్మట ఒక దినమున 18 గ్రాముల మాంసకృత్తులను పూర్తి గ్రుడ్ల రూపమున, మరియొక దినమున అంతే మాంసకృత్తులను తెల్లసొన రూపమున వారికిచ్చిరి. పూర్తి గ్రుడ్లు తిన్నప్పుడు కండరములలో క్రొత్త మాంసకృత్తుల నిర్మాణము హెచ్చుగా జరిగినది. పదిమందిపై చేసిన పరిశోధనతో అంతా తేలిపోయినదని చెప్పరాదు. కాని పచ్చసొన కండకు అడ్డమను నమ్మకమునకు మాత్రము ఆధారము లేదు.

పచ్చసొనలో దాగినవి

మాంసకృత్తులు, క్రొవ్వు తీసివేసిన తరువాత మిగులునవి స్వల్పమే. కాని ఆ స్వల్పమునందే విలువ ఉన్నది. ఏ, డి, ఇ, కె అను నాలుగు విటమినులు క్రొవ్వులో కరగునవి. కనుక గ్రుడ్డులో అవి క్రొవ్వున్నచోటనే, అనగా పచ్చసొనలోనే ఉండును. రక్తకణముల తయారీకి కావలసిన బి-12 విటమిను, ఫోలిక్ ఆమ్లము అందే అధికము. ఇనుము, జింకు కూడ అందే ఎక్కువ. పచ్చసొనకు రంగునిచ్చు లూటీన్, జియాజాంథిన్ అను పదార్థములు మన కంటి రెటీనాలో చూపు మిక్కిలి స్పష్టముగా నుండు భాగమున చేరియుండును.

వీనితోపాటు కోలీను అను పదార్థము కలదు. జీవకణముల పొరలకు, నాడుల పనికి, గర్భస్థ శిశువు మెదడు పెరుగుదలకు అది అవసరము. 1998లో అమెరికాలోని వైద్యసంస్థ దీనిని ఆహారమునుండి తప్పక లభింపవలసిన పోషకముగా గుర్తించినది. ఒక్క పచ్చసొనలో సుమారు 140 మిల్లీగ్రాముల కోలీను ఉండును. తెల్లసొనలో దాదాపు లేదు. మా చెల్లెలికి మా అమ్మ ఎంతో ప్రేమతో తప్పించిన పదార్థము ఇదియే.

తెల్లసొనను చిన్నచూపు చూడవలెనని కాదు. అందులోని మాంసకృత్తులు ఉత్తమ జాతివి. మన శరీరము స్వయముగా తయారుచేసికొనలేని అమినో ఆమ్లములన్నియు అందు తగు పాళ్ళలో ఉన్నవి. రైబోఫ్లేవిన్ అను బి-2 విటమిను పచ్చసొనలోకంటె తెల్లసొనలోనే కొంత హెచ్చు. గ్రుడ్డులో లేనివి కూడ చెప్పవలెను: సి విటమిను లేదు, పీచుపదార్థము లేదు. ఆ రెంటికొరకు ఆకుకూరలు, పండ్లు, ధాన్యములు తినవలసినదే.

పచ్చి తెల్లసొన కథ

కొందరు పచ్చిగ్రుడ్డు పాలలో కలిపి త్రాగిన బలమని తలతురు. ఇందుకు సంబంధించిన చరిత్ర ఒకటి ఉన్నది. 1927లో లండనులోని లిస్టరు సంస్థలో మార్గరెట్ బోయస్ అను శాస్త్రజ్ఞురాలు ఎలుకలకు మాంసకృత్తుల కొరకు ఎండబెట్టిన పచ్చి తెల్లసొనను పెట్టుచు వచ్చెను. ఎలుకల చర్మము చెడి, వెండ్రుకలు రాలిపోయినవి. ఉత్తమమైన మాంసకృత్తులే రోగము తెచ్చుట ఆశ్చర్యముగా తోచినది. పచ్చసొన, కాలేయము మొదలగు ఆహారములలో ఆ రోగమును నివారించు పదార్థమేదో ఉన్నదని తరువాత తేలినది. 1936లో కోగ్ల్, టోనిస్ అను ఇరువురు అట్టి పదార్థమును పచ్చసొననుండియే వేరుపరచిరి. 250 కిలోగ్రాముల ఎండిన పచ్చసొననుండి వారికి లభించినది 1.1 మిల్లీగ్రాములు మాత్రమే! అదియే బయోటిన్ అను విటమిను.

మరి తెల్లసొన చేయు అపకారమేమి? 1940 ప్రాంతమున టెక్సాస్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఈకిన్, స్నెల్, విలియమ్స్ అనువారు దానిని తేల్చిరి. పచ్చి తెల్లసొనలో అవిడిన్ అను మాంసకృత్తి ఉన్నది. అది బయోటిన్‌ను గట్టిగా పట్టుకొని ప్రేగులలో రక్తమునకు అందనీయదు. గ్రుడ్డును ఉడికించినచో వేడికి అవిడిన్ ఆకారము మారి, దాని పట్టు సడలిపోవును. ఎప్పుడో ఒక పచ్చిగ్రుడ్డు త్రాగినవానికి బయోటిన్ కొరత రాదు. నెలల తరబడి అనేక పచ్చి తెల్లసొనలు త్రాగువానికి రావచ్చును.

ఉడికించుటవలన మరి రెండు లాభములు కలవు. పెంకుమీదగాని లోపలగాని సాల్మొనెల్లా అను సూక్ష్మజీవి ఉన్నచో అది చచ్చును. జీర్ణము కూడ బాగుగా జరుగును. 1998లో బెల్జియమువారు ప్రకటించిన ఒక పరిశోధనలో ఉడికిన గ్రుడ్డు మాంసకృత్తులు నూటికి 91 వంతులు జీర్ణము కాగా, పచ్చిగ్రుడ్డువి 51 వంతులే జీర్ణమైనవి. కావున పచ్చిగ్రుడ్డు త్రాగి బలము వచ్చుననుకొనువాడు సగము బలమును వదలుకొనుచున్నాడు.

కొలెస్టరాల్ భయమెట్లు పుట్టినది?

1913లో రష్యాలోని సెయింట్ పీటర్సుబర్గులో నికొలాయ్ అనిచ్‌కోవ్ అను యువ శాస్త్రజ్ఞుడు కొలెస్టరాలును నూనెలో కలిపి కుందేళ్ళకు పెట్టెను. వాని రక్తములో కొలెస్టరాలు విపరీతముగా పెరిగి, ధమనుల గోడలలో పేరుకొనెను. గుండెజబ్బును అర్థము చేసికొనుటలో ఇది గొప్ప మైలురాయి. కాని కుందేలు శాకాహారి. మొక్కలలో కొలెస్టరాలు లేదనదగినంత స్వల్పము. ఎన్నడును తినని పదార్థమును ఒక్కసారిగా పెట్టగా దాని శరీరము సర్దుకొనలేకపోయినది. ఎలుకలకును కుక్కలకును అట్లే పెట్టినప్పుడు కుందేళ్ళకు జరిగినట్లు జరుగలేదు.

తరువాత రక్తములో కొలెస్టరాలు హెచ్చుగా ఉన్నవారికి గుండెజబ్బులు ఎక్కువగా వచ్చుచున్నవని మనుష్యులలో కూడ నిర్ధారణ అయినది. ఇది నేటికిని నిజమే. ఆ వెంటనే ఒక అడుగు వేసిరి: రక్తములోని కొలెస్టరాలు చెడ్డదైనచో, ఆహారములోని కొలెస్టరాలు కూడ అంతే చెడ్డది కావలెను. 1968లో అమెరికా హృదయ సంఘము దినమునకు 300 మిల్లీగ్రాములకు మించి కొలెస్టరాలు తినరాదనియు, వారమునకు మూడు పచ్చసొనలకు మించరాదనియు సలహా ఇచ్చినది. ఆ మాట సముద్రములు దాటి మన ఇండ్లకు చేరినది. అయితే తిన్న కొలెస్టరాలు తిన్నంతగా రక్తములో చేరునా అను ప్రశ్న నడుమ మిగిలిపోయినది.

కాలేయము చేయు సర్దుబాటు

కొలెస్టరాలు విషము కాదు. ప్రతి జీవకణపు పొరలోను అది ఉన్నది. క్రొవ్వును జీర్ణింపజేయు పిత్తరసమునకు, కొన్ని హార్మోనులకు, ఎండ తగిలినప్పుడు చర్మములో తయారగు డి విటమినుకు మూలము కొలెస్టరాలు తయారగు వరుసలోనే ఉన్నది. అందుచేత శరీరము దానిని ఆహారమునకు వదలిపెట్టక స్వయముగా తయారుచేసికొనును. సాధారణముగా మనము తినుదానికంటె శరీరము తయారుచేయునదే ఎక్కువ. ఈ తయారీ మార్గమును కనుగొన్నందుకు కొన్రాడ్ బ్లాక్, ఫియోడర్ లినెన్ అనువారికి 1964లో నోబెలు బహుమానము లభించినది.

మన ఇంటి మేడమీది నీటి తొట్టెను తలచుకొనుడు. తొట్టెలో బంతి అమర్చిన కుళాయి ఉండును. నీరు పైకి వచ్చినకొలది బంతి తేలి కుళాయిని మూసివేయును. ఎవరైన బిందెతో నీరు తెచ్చి పోసినచో కుళాయినుండి వచ్చు నీరు ఆ మేరకు తగ్గును. కాలేయము కూడ ఇట్టి పనియే చేయును. ఆహారమునుండి కొలెస్టరాలు ఎక్కువగా వచ్చినప్పుడు అది తన తయారీని తగ్గించును. ప్రేగులు కూడ తిన్నదంతయు పీల్చుకొనవు.

1991లో అమెరికాలోని ఒక వైద్య పత్రికలో ఒక వింత వ్యక్తి వృత్తాంతము వెలువడినది. ఆయన వయస్సు 88 సంవత్సరములు. ఏండ్ల తరబడి దినమునకు ఇరువదియైదు గ్రుడ్లు తినుచుండెను. అయినను ఆయన రక్తములో కొలెస్టరాలు మామూలుగానే ఉన్నది. పరీక్షింపగా, సాధారణముగా మనుష్యులు తిన్న కొలెస్టరాలులో సగమునకు అటునిటుగా పీల్చుకొనుచుండగా, ఆయన ప్రేగులు 18 వంతులే పీల్చుకొనుచున్నవని తెలిసినది. ఇది గ్రుడ్లు అన్ని తినుమని చెప్పు కథ కాదు. ఒక మనుష్యుని శరీరమునకును మరియొకని శరీరమునకును ఎంత తేడా ఉండునో చెప్పు కథ. అందరి కుళాయిలు ఇంత చక్కగా పనిచేయవు. కొందరికి గ్రుడ్లు తిన్నప్పుడు రక్తములో కొలెస్టరాలు చెప్పుకోదగినంత పెరుగును.

రక్తములోని హానికరమైన కొలెస్టరాలు, అనగా ఎల్.డి.ఎల్. అను వాహనముపై తిరుగునది, కాలేయపు ద్వారములగుండ రక్తమునుండి తొలగింపబడును. ఈ ద్వారములను కనుగొన్న బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనువారికి 1985లో నోబెలు బహుమానమిచ్చిరి. నెయ్యి, వనస్పతి, పామాయిలు, మాంసపు క్రొవ్వు మొదలగువానిలోని సంతృప్త క్రొవ్వు ఎక్కువైనచో ఈ ద్వారములు తగ్గును, రక్తములో ఎల్.డి.ఎల్. పెరుగును. ఈ విషయములో పెక్కుమందికి ఆహారములోని కొలెస్టరాలుకంటె సంతృప్త క్రొవ్వు ప్రభావమే బలమైనది. ఒక గ్రుడ్డులో సంతృప్త క్రొవ్వు సుమారు 1.6 గ్రాములు. ఇది పెద్ద మొత్తము కాదు. కాని దానినే వనస్పతితో చేసిన పొరల పఫ్‌లో పెట్టి తిన్నప్పుడు, నూనెలో తేలునట్లు ఆమ్లెట్టు వేసినప్పుడు, నేతి బిర్యానీమీద పెట్టినప్పుడు లెక్క మారిపోవును. చాలసార్లు శిక్ష గ్రుడ్డుకు పడును, నేరము తోడువచ్చినవానిది.

పరిశోధనలు ఏమనుచున్నవి?

ఈ విషయమున పరిశోధనలన్నియు ఒకే మాట చెప్పుటలేదని పాఠకులు తెలియవలెను. 2018లో చైనాలో సుమారు అయిదు లక్షలమందిపై చేసిన పరిశీలన వెలువడినది. దినమునకు ఒక గ్రుడ్డు వరకు తినువారిలో గుండె, రక్తనాళముల జబ్బులు, వానివలని మరణములు, తిననివారిలోకంటె తక్కువగా కనబడినవి. 2019లో అమెరికాలో 29,615 మందిని గూర్చిన పరిశీలనలో గ్రుడ్లు ఎక్కువగా తిన్నవారిలో ఈ జబ్బులు కొంచెము ఎక్కువగా కనబడినవి. 2020లో అమెరికాలోనే వెలువడిన మరియొక పెద్ద పరిశీలనలో దినమునకొక గ్రుడ్డుకును ఈ జబ్బులకును మొత్తముమీద సంబంధము కనబడలేదు.

ఇట్లెందుకు జరిగినది? ఇవన్నియు జనుల అలవాట్లను పరిశీలించినవే కాని, ప్రయోగశాలలో అన్నిటిని సమముగా నుంచి చేసినవి కావు. అమెరికాలో గ్రుడ్డుతోపాటు పందిమాంసము, వెన్న తినుట సాధారణము. చైనాలో గ్రుడ్లు తినగలిగినవారు కొంత కలిగినవారై, వైద్యసదుపాయము కూడ పొందగలిగియుండవచ్చును. గ్రుడ్డు ప్రభావమును ఈ ఇతర విషయములనుండి వేరుచేయుట కష్టము.

ఈ మూడు పరిశీలనలకు ముందే, అప్పటికి లభించిన ఆధారములను చూచి, 2015–2020 సంవత్సరముల అమెరికా ప్రభుత్వ ఆహార సూత్రములలో 300 మిల్లీగ్రాముల హద్దును తొలగించిరి. అయినను కొలెస్టరాలును మితముగా తినుటయే మంచిదని అందే చెప్పిరి. 1968లో మూడు పచ్చసొనల హద్దు పెట్టిన హృదయ సంఘమే, ఆరోగ్యవంతులు దినమునకు ఒక పూర్తి గ్రుడ్డు వరకు తినవచ్చునని 2019లో ప్రకటించినది. విజ్ఞానశాస్త్రము మాట మార్చినదని కొందరు పరిహసింతురు. క్రొత్త సాక్ష్యము వచ్చినప్పుడు తీర్పును సవరించుకొనుట శాస్త్రమునకు లోపము కాదు, గుణము.

ఎవరికి ఏది?

ఎదుగు పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు, బక్కచిక్కినవారికి పూర్తి గ్రుడ్డే తగినది. తెలంగాణములో 2015లో ప్రారంభమైన ఆరోగ్యలక్ష్మి పథకమున అంగన్‌వాడీలలో గర్భిణులకు భోజనముతో గ్రుడ్డు చేర్చినదియు, ఉభయ రాష్ట్రముల బడులలో మధ్యాహ్న భోజనమున గ్రుడ్డు పెట్టునదియు ఇందుకే. ఆ పళ్ళెములలో పచ్చసొనను వదలిపెట్టినచో పథకపు ప్రయోజనము సగము పోవును. ఉపాధ్యాయులు ఈ విషయమును గమనింపవలెనని కోరుచున్నాను.

ఆరోగ్యముగానున్న పెద్దలు దినమునకు ఒక పూర్తి గ్రుడ్డు తినుటకు భయపడనక్కరలేదు. ఇంకను మాంసకృత్తులు కావలెనన్న, ఒకటి రెండు పూర్తి గ్రుడ్లకు మరి రెండు తెల్లసొనలు చేర్చుకొనవచ్చును. లేదా పప్పు, శనగలు, పాలు, పెరుగు, చేపలనుండి పొందవచ్చును. 2020లో ప్రకటించిన భారతీయ ప్రమాణముల ప్రకారము 65 కిలోల పురుషునికి దినమునకు 54 గ్రాములు, 55 కిలోల స్త్రీకి 46 గ్రాముల మాంసకృత్తులు చాలును. గ్రుడ్డు తినని కుటుంబములవారు ఈ ఇతర ఆహారములను చక్కగా కలుపుకొన్నచో లోటు రాదు. బి-12 కొరకు పాలు, పెరుగు మరువరాదు.

తెల్లసొన నిజముగా ఉపయోగపడువారు కూడ ఉన్నారు. మూత్రపిండములు చెడి రక్తశుద్ధి చేయించుకొనువారికి మాంసకృత్తులు కావలెను, భాస్వరము తగ్గవలెను. పైన ఇచ్చిన లెక్క చూచినచో తెల్లసొన వారికెంత అనుకూలమో తెలియును. వంశపారంపర్యముగా కాలేయపు ద్వారములలో లోపముండి కొలెస్టరాలు మిక్కిలి హెచ్చుగా ఉన్నవారు, గుండెజబ్బు వచ్చినవారు, మధుమేహము గలవారు పచ్చసొన విషయమున జాగ్రత్తగా ఉండవలెను. మధుమేహము గలవారిలో గ్రుడ్లు ఎక్కువైనప్పుడు గుండెజబ్బు హెచ్చినట్లు కొన్ని పరిశీలనలు చెప్పుచున్నవి. వీరు ఎన్ని తినవలెనో రక్తపరీక్ష చూచి వైద్యుడు చెప్పవలెనే కాని పొరుగువారు కాదు. గ్రుడ్డు పడనివారికి, అనగా తిన్నచో దద్దుర్లు, ఆయాసము వచ్చువారికి, తెల్లసొనలోని మాంసకృత్తులే తరచుగా కారణము. వారికి తెల్లసొన సురక్షితమను మాట బొత్తిగా చెల్లదు.

తరగతిలో చేసి చూపదగినవి

ఒక్క గ్రుడ్డుతో ఈ పాఠమును కంటికి కట్టునట్లు చూపవచ్చును.

1. కొంచెము తెల్లసొనను నీటిలో కలిపి పరీక్షనాళికలో తీసికొనుడు. దానికి సోడియం హైడ్రాక్సైడు ద్రావణమును, పిమ్మట రెండు చుక్కలు పలుచని మైలుతుత్త ద్రావణమును చేర్చుడు. ఊదారంగు వచ్చును. ఇది మాంసకృత్తులకు గుర్తు. పచ్చసొనను బాగుగా పలుచన చేసి ఇట్లే పరీక్షింపుడు. అందును ఊదారంగు ఛాయ కనబడును. సోడియం హైడ్రాక్సైడు చర్మమును కాల్చును గనుక దీనిని ఉపాధ్యాయుడే పోయవలెను.

2. ఒక కాగితముపై తెల్లసొన చుక్కను, వేరొకచోట ఉడికిన పచ్చసొన ముక్కను రుద్ది ఆరనిండు. వెలుతురుకు ఎదురుగా పట్టినచో పచ్చసొన ఉన్నచోట మాత్రము నూనె మరక కనబడును.

3. ఒక సీసాలో నీరు, నూనె పోసి కుదుపుడు. కొంతసేపటికి రెండును విడిపోవును. కొంచెము పచ్చి పచ్చసొన చేర్చి మరల కుదిపినచో పాలవలె కలిసి చాలసేపు నిలుచును. ఈ పని చేయునది లెసిథిన్. గ్రీకు భాషలో పచ్చసొనకున్న పేరే దానికి పెట్టినారు. పచ్చసొనలోని కోలీను చాల భాగము ఈ లెసిథిన్‌లోనే ఉన్నది.

4. ఒక గ్రుడ్డును పది నిమిషములు, మరియొకదానిని అరగంట ఉడికించి కోసి చూడుడు. రెండవదాని పచ్చసొన చుట్టును ఆకుపచ్చ నలుపు వలయముండును. తెల్లసొనలోని గంధకము, పచ్చసొనలోని ఇనుము కలియుటవలన అది ఏర్పడును. దానివలన హాని లేదు. ఎక్కువసేపు ఉడికినదనుటకు గుర్తు మాత్రమే.

ముగింపు

నేను ఈ లెక్కలన్నిటిని వసతి గృహపు విద్యార్థుల ముందు నల్లబల్లపై వేసి చూపితిని. "పారవేయవద్దు" అని ఆజ్ఞాపింపలేదు. అయిదు తెల్లసొనలకును మూడు పూర్తి గ్రుడ్లకును భేదమెంతో వారినే లెక్క కట్టుమంటిని. మరుసటి వారము బకెట్టులో రెండు మూడు పచ్చసొనలే ఉన్నవి. అవి వేసినవారిలో ఒకడు, "మాకు మధుమేహం వంశంలో ఉంది సార్. పరీక్ష చేయించుకొని చెబుతాను" అని అనెను. అది కూడ సరియైన సమాధానమే.

మా నాయనగారు ఇప్పుడు వైద్యుని సలహాపై వారమునకు రెండు పూర్తి గ్రుడ్లు తినుచున్నారు. మిగిలిన దినములలో తెల్లసొన తిందురు. ఆయన పళ్ళెములో మిగిలిన పచ్చసొన ఇప్పుడు కుక్కకు పోవుటలేదు. మా చెల్లెలి కుమారుడు ప్రక్కనే కాచుకొని ఉండును.